గురి తప్పే తుపాకీ, గుర్తుండిపోయే మాట: ఆల్ఫా ప్రోటోకాల్ తప్పొప్పులు

2010లో వచ్చిన గూఢచారి వీడియో గేమ్ ఆల్ఫా ప్రోటోకాల్ ఆడినవాళ్లలో రెండు వర్గాలు కనిపిస్తాయి. మొదటి రెండు గంటలు ఆడి పక్కన పెట్టేసినవాళ్లకు అది నాసిరకం తుపాకీ ఆట. చివరిదాకా వెళ్లి, ఆ వెంటనే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినవాళ్లకు అది ఆటగాడి నిర్ణయానికి నిజంగా విలువిచ్చిన అరుదైన గేమ్. ఇద్దరి మాటా నిజమే. అందుకే బాగుందా, బాగాలేదా అన్న ప్రశ్న దీని దగ్గర పనిచేయదు. ఇందులోని లోపాలన్నీ ఒకే జాతివి కావు. కొన్ని అచ్చంగా పనితనం లేక వచ్చినవి. కొన్ని ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చబోయి వచ్చినవి. మరికొన్ని, నా దృష్టిలో, లోపాలే కావు. వాటిని సరిచేస్తే ఆట ప్రాణమే పోతుంది. వీటిని విడదీయకుండా అన్నిటినీ ఒకే కాటాలో వేసి తూచడం వల్లే 2010లో ఈ గేమ్‌కు అన్యాయం జరిగిందని నమ్ముతున్నాను.

కాలిఫోర్నియాలోని అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ దీన్ని తయారుచేసింది, సెగా ప్రచురించింది. 2003లో అబ్సిడియన్‌ను స్థాపించినవాళ్లు బ్లాక్ ఐల్ స్టూడియోస్‌లో పనిచేసి వచ్చినవారు. పాత్రల చిత్రణకు, సంభాషణలకు వారు పెట్టింది పేరు. కానీ అంతవరకు ఈ సంస్థ విడుదల చేసినవి కత్తులు, మంత్రాలు, అంతరిక్ష యుద్ధాల ఆటలు. అవీ మరొకరు సృష్టించి పెట్టిన ప్రపంచాల్లో నడిచేవి. ఈ కాలపు గూఢచారి కథను సొంత పాత్రలతో, గేములు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన అన్‌రియల్ ఇంజిన్ 3 మీద నిర్మించడం వారికి కొత్త. పని సాఫీగా సాగలేదు. మొదట కథను, సంభాషణల పద్ధతిని తీర్చిదిద్దిన బ్రయాన్ మిత్సోదా మధ్యలోనే సంస్థను వీడారు. ప్రధాన డిజైనర్ బాధ్యత క్రిస్ అవెలోన్ తీసుకున్నారు. 2009 అక్టోబరులో రావలసిన ఆట 2010 మే నెలాఖరుకు వాయిదా పడింది. ఈలోపు జనవరిలో మాస్ ఎఫెక్ట్ 2, ఏప్రిల్‌లో స్ప్లింటర్ సెల్: కన్విక్షన్ అనే గేములు వచ్చేశాయి. కాల్పులను, కథను అతుకు కనబడకుండా కలపడం ఎలాగో మొదటిది చూపించింది. నక్కి నక్కి దాడిచేయడం ఎంత చురుగ్గా ఉండవచ్చో రెండోది చూపించింది. ఆ రెండూ ఆడిన చేతులతో ఆల్ఫా ప్రోటోకాల్‌ను పట్టుకున్నవారికి మొదట కనిపించింది దాని మొరటుదనమే.

కథ క్లుప్తంగా ఇది. అమెరికా తయారీ క్షిపణితో ఒక ప్రయాణికుల విమానాన్ని కూల్చేస్తారు. ఆ నేరం అల్ సమద్ అనే ఉగ్రవాద ముఠాది. ఆల్ఫా ప్రోటోకాల్ అనే రహస్య సంస్థలో కొత్తగా చేరిన మైకేల్ థార్టన్‌ను ఆ ముఠా నాయకుడు షహీద్ కోసం సౌదీ అరేబియాకు పంపుతారు. అక్కడ అతనికి తెలిసే సంగతేమిటంటే, ఆ క్షిపణులను అందించింది హాల్‌బెక్ అనే అమెరికా ఆయుధ సంస్థే. సొంతవాళ్లే అతన్ని వదిలించుకోవాలని చూస్తారు. అక్కడి నుంచి థార్టన్ ఒంటరి. రోమ్, మాస్కో, తైపీ నగరాల్లో తన స్థావరాలు పెట్టుకుని, ఎవరిని నమ్మాలో తానే తేల్చుకుంటూ కుట్ర కొసను పట్టుకోవాలి. కుట్ర కథగా చూస్తే ఇందులో పెద్ద కొత్తదనం లేదు. యుద్ధంతో లాభపడాలనుకునే ఆయుధ వ్యాపారిని మనం చాలాసార్లు చూశాం. ఆట బలం ఆ కుట్రలో లేదు, ఆ దారిలో తగిలే మనుషుల్లో ఉంది.

ఆ మనుషులతో మాట్లాడే తీరు దగ్గరే ఈ గేమ్ మిగతావాటి నుంచి విడిపోతుంది. చాలా రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే ఒక పాత్రను మనదిగా చేసుకుని దాని నైపుణ్యాలు పెంచుకుంటూ ఆడేవాటిలో, ఎదుటి పాత్ర ఒక ప్రశ్నల చిట్టా. అడగవలసినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి అడిగి, జవాబులన్నీ పోగేసుకుని కదిలిపోవచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఎదుటివారు ఇంకా మాట్లాడుతుండగానే తెర మీద మన వైఖరులు కనిపిస్తాయి: చనువుగా, చమత్కారంగా మాట్లాడడం, పని మాట మాత్రమే మాట్లాడడం, దబాయించడం. కొన్ని చోట్ల వీటికి తోడు మరో ప్రత్యేకమైన దారి. గడువు గీత తరిగిపోతుంటుంది. అది ముగిసేలోపు ఎంచుకోకపోతే ఆటే ఒకటి ఎంచేస్తుంది. అడిగిన మాట వెనక్కి రాదు, అడగని ప్రశ్న మళ్లీ దొరకదు. ఆ మూడు వైఖరులకు జేమ్స్ బాండ్, జేసన్ బోర్న్, జాక్ బవర్‌లను నమూనాలుగా తీసుకున్నామని తయారీదారులే చెప్పారు. పాత సినిమా గూఢచారి శృంగార చతురత, కొత్త తరం నిర్లిప్తత, టీవీ గూఢచారి మొరటు వేగం. మూడింటినీ అవసరాన్ని బట్టి మార్చుకుంటూ పోవడమే ఇక్కడ అసలు ఆట.

అందరితో తియ్యగా మాట్లాడితే పనైపోతుందని అనుకుంటే పొరపాటే. పనిమంతులకు చమత్కారం చికాకు. మొరటువాళ్లకు మర్యాద బలహీనత. రోమ్‌లో ఎదురయ్యే కాన్రాడ్ మార్‌బర్గ్ దగ్గర పనికొచ్చే స్వరం వేరు, తైపీలో తగిలే స్టీవెన్ హెక్ దగ్గర పనికొచ్చే స్వరం వేరు. నోలన్ నార్త్ గొంతుతో ఆ హెక్ పాత్ర ఆటలోకల్లా ప్రమాదకరమైనదీ, వినోదభరితమైనదీ. పైగా ఇందులో మంచికి ఇన్ని మార్కులు, చెడుకు ఇన్ని మార్కులు అనే ఒక్క కొలబద్ద లేదు. ఒక్కో పాత్రకు మన మీద ఒక్కో అభిప్రాయం, దాని లెక్క దానిది. ఒకరికి నచ్చిన పని మరొకరికి నచ్చదు. నచ్చకపోయినా నష్టమే అని లేదు. శత్రుత్వం నుంచి కూడా థార్టన్‌కు కొత్త మెళకువలు, అవకాశాలు దక్కుతాయి. సరైన జవాబు కోసం వెతికే అలవాటును ఆట అలా మాన్పిస్తుంది. మాస్ ఎఫెక్ట్ 2లో మంచికి నీలం మాట, మొరటుకు ఎర్ర మాట అని రంగులు చూసి ఎంచుకున్నవారికి ఈ తేడా చప్పున తెలుస్తుంది.

మాటకు బలం ఇచ్చేది సమాచారం. ప్రతి ముఖ్య పాత్ర మీదా ఒక దస్త్రం ఉంటుంది. కంప్యూటర్లలో చొరబడి, కాగితాలు వెతికి, సమాచారం అమ్ముకునేవారి దగ్గర డబ్బు పెట్టి కొని ఆ దస్త్రాన్ని నింపాలి. నిండేకొద్దీ సంభాషణల్లో కొత్త దారులు తెరుచుకుంటాయి. ఇందుకు మార్‌బర్గ్‌తో జరిగే పోరాటం చక్కని ఉదాహరణ. మామూలుగా అయితే అతను ఓడిపోతున్నప్పుడు తప్పించుకుని వెళ్లిపోతాడు. అతని గతం తవ్వి తీసి, అతని అహం మీద దెబ్బకొట్టగలిగే స్థితికి ముందే చేరి ఉంటే మాత్రం పారిపోకుండా నిలబడి తేల్చుకుంటాడు. గంటల క్రితం చదివిన ఒక కాగితం, అన్న ఒక మాట, ఇప్పుడు ఒక పోరాటం ఫలితాన్ని మార్చాయి. గూఢచర్యం అంటే ఇదే కదా అని నాకు బలంగా అనిపించిన చోటు అది. తుపాకీ ఎవరైనా కాల్చగలరు. మనిషిని చదవడమే గూఢచారి వృత్తి.

ఇక నిర్ణయాల సంగతి. నిర్ణయాలు ఉన్నాయని ప్రతి గేమ్ అట్ట మీదా రాసి ఉంటుంది. ఆ నిర్ణయాలను ఆట ఎంతకాలం గుర్తుపెట్టుకుంటుందన్నదే అసలు పరీక్ష. సౌదీలోనే నస్రి అనే ఆయుధ వ్యాపారి పట్టుబడతాడు. అతన్ని చంపవచ్చు, అరెస్టు చేయించవచ్చు, బేరం కుదుర్చుకుని వదిలేయవచ్చు. వదిలేస్తే తర్వాత అతని సరుకు మనకూ దొరుకుతుంది. రోమ్‌లో మ్యాడిసన్ సెయింట్ జేమ్స్ అనే యువతి బందీగా చిక్కుతుంది. అదే సమయంలో మ్యూజియంలో బాంబులు పేలబోతుంటాయి. ఆమెనో, అక్కడి జనాన్నో ఒక్కరినే కాపాడగలం. తైపీలో అధ్యక్షుడు సంగ్ ప్రాణమా, నగరంలో చెలరేగబోయే అల్లర్లను ఆపడమా తేల్చుకోవాలి. ఈ రెండు ఘట్టాల్లోనూ మూడో దారి లేదు. అన్నీ చక్కబెట్టే తెలివైన మార్గం ఎక్కడో దాగి ఉంటుందని వెతకడం వృథా. రోమ్‌లో ఏం చేశామో ఆట చివరి అంకం దాకా వెంటాడుతుంది. మ్యాడిసన్ ఎవరి కూతురో తెలిశాక ఆ నిర్ణయం బరువు ఇంకా పెరుగుతుంది. ఆ పేరు ఇక్కడ చెప్పను, ఆడబోయేవారికి అది దక్కాలి.

ఇంత జ్ఞాపకం ఎలా సాధ్యమైందో చూస్తే ఆట బలాబలాలు రెండూ అర్థమవుతాయి. ఒక కథలో రెండేసి దారులున్న మలుపులు పది ఉంటే, ప్రతి దారికీ వేరే కథ రాయాలంటే 1,024 కథలు రాయాలి. ఏ స్టూడియోకూ అది సాధ్యం కాదు. అందుకే చాలా గేములు కొమ్మలను విడదీసినట్టే విడదీసి, కాసేపటికి మళ్లీ ఒకే కాండానికి తెచ్చి కలిపేస్తాయి. అబ్సిడియన్ కూడా ప్రధాన ఘట్టాల దగ్గర చేసింది అదే: ఎవరు ఎలా ఆడినా సౌదీతో మొదలవుతుంది, మూడు నగరాలు ముగియాలి, చివరికి తిరిగి ఆల్ఫా ప్రోటోకాల్ స్థావరానికే చేరాలి. కానీ ఆ చట్రం లోపల వారు కొమ్మల పద్ధతి వదిలి, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటి పద్ధతి పట్టుకున్నారు. ఎవరిని చంపాం, ఎవరిని వదిలాం, ఎవరికి ఏ అబద్ధం చెప్పాం, ఏ ఈమెయిల్‌కు ఏ స్వరంలో జవాబిచ్చాం, అన్నీ చిన్న చిన్న పద్దులుగా రాసుకుంటారు. తర్వాతి సన్నివేశం మొదలయ్యే ముందు ఆ పద్దులు చూసి, ఏ వాక్యం పలకాలో, ఎవరు తలుపు తీయాలో నిర్ణయిస్తారు. సన్నివేశం ఒకటే, అందులోని మనుషులు, మాటలు, సాయాలు, ద్రోహాలు మారిపోతాయి.

మూడు నగరాలకు ఏ వరుసలోనైనా వెళ్లవచ్చు కాబట్టి ఆరు వరుసలు సాధ్యం. వాటిలో చాలావాటికి గుర్తింపు ఉంది. ముందు తైపీ వెళ్లి హెక్‌తో స్నేహం చేసుకుంటే, మాస్కోలో బ్రైకో అనే ముఠా నాయకుడితో పోరాటానికి ముందు అతని కొకైన్‌లో విషం కలిపించే వీలు దొరుకుతుంది. ముందు మాస్కోకే వెళ్లినవారికి ఆ దారి ఉందన్న ఊహ కూడా రాదు. కథ మధ్య మధ్యలో థార్టన్ ఎదురుగా హాల్‌బెక్ అధిపతి హెన్రీ లీలాండ్ కూర్చుని జరిగినదంతా తిరగదోడుతుంటాడు. ఆ సన్నివేశాలు కథనానికి అందాన్ని ఇస్తూనే, మనం చేసిన పనులను ఒకసారి పైకి చదివి వినిపించే పని కూడా చేస్తాయి. ‘నువ్వు ఫలానా వాడిని ఎందుకు వదిలావు?’ అని శత్రువే అడిగితే, ఆడుతున్నవారు జవాబు చెప్పుకోక తప్పదు.

ఆట పొట్టిగా ఉందని అప్పట్లో ఒక విమర్శ. నేను దాన్ని ఒప్పుకోను. ఇన్ని పద్దులు రాసుకునే ఆట అరవై గంటలు సాగి ఉంటే ఆ జ్ఞాపకం పలచబడిపోయేది, రెండోసారి ఆడే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. రెండోసారి ఆడినప్పుడే దీని అసలు రూపం బయటపడుతుంది కాబట్టి ఈ పొట్టితనం దాని నిర్మాణంలో భాగం. కోరుకున్నచోట సేవ్ చేసుకునే వీలు లేకపోవడమూ అంతే. ముందే నిర్ణయించిన మజిలీల (చెక్‌పాయింట్ల) దగ్గర ఆటే సేవ్ చేసుకుంటుంది. తలుపు పగలగొట్టబోయి పట్టుబడినప్పుడు ఇది విసుగు పుట్టిస్తుంది, నిజమే. కానీ మాటకు ముందొక సేవ్, మాట తర్వాత నచ్చకపోతే వెనక్కి అనే సౌకర్యం ఉండి ఉంటే ఆ గడువు గీతకు అర్థమే ఉండేది కాదు. నోరు జారిన గూఢచారికి రెండో అవకాశం ఉండదు.

ఈ గడువు గురించి మన వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషు మాతృభాష కాని ఆటగాళ్లకు, అంటే తెలుగు రాష్ట్రాల్లో దీన్ని ఆడినవారిలో ఎక్కువమందికి, రష్యన్ యాసలోనో ఇటాలియన్ యాసలోనో వేగంగా సాగే ఇంగ్లీషు విని, కింద అక్షరాలు చదివి, క్షణాల్లో నిర్ణయించడం కష్టం. అది కథలోని ఒత్తిడి కాదు, భాష తెచ్చిపెట్టే ఒత్తిడి. జవాబులను పూర్తి వాక్యాలుగా కాక ఒకటి రెండు మాటల్లో వైఖరులుగా ఇవ్వడం ఇక్కడ కొంత ఆదుకుంది. కానీ అదే క్లుప్తత వల్ల, మనం అనుకున్న మాట ఒకటి, థార్టన్ నోటి నుంచి వచ్చిన మాట మరొకటి అయ్యే సందర్భాలు కూడా తగులుతాయి. సరదాగా ఒక మాట అందామనుకుంటే అతను వెకిలిగా ఏదో అనేస్తాడు. వైఖరిని ఎంచుకునే పద్ధతికి ఇది అసలైన మచ్చ. గడువు గీత నిడివి పెంచుకునే ఏర్పాటు ఒకటి ఇచ్చి ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండు కత్తుల సంగతి. ఆల్ఫా ప్రోటోకాల్ చూడడానికి షూటర్, అంటే తుపాకీ గురి మీద నడిచే ఆటలా ఉంటుంది. కెమెరా భుజం వెనక ఉంటుంది, తెర మధ్యలో గురి గుర్తు ఉంటుంది. అలాంటి ఆటలో గుర్తు శత్రువు తల మీద ఉండగా ట్రిగ్గర్ నొక్కితే తూటా తలకే తగలాలని మన చేతులు నమ్ముతాయి. ఇక్కడ అలా జరగదు. తూటా ఎక్కడ తగులుతుందన్నది థార్టన్‌కు ఆ ఆయుధంలో ఎంత నైపుణ్యం ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. పిస్టల్‌తో కదలకుండా కొంతసేపు గురి నిలిపితేనే దెబ్బ గట్టిగా పడుతుంది. ఇది రోల్ ప్లేయింగ్ సూత్రం ప్రకారం న్యాయమే: పాత్ర నేర్చుకోని విద్యను ఆటగాడి చేతివాటం పూరించకూడదు. తెర మీది దృశ్యం మాత్రం వేరే వాగ్దానం చేస్తోంది. పై నుంచి చూసే పాత తరహా ఆటల్లో తూటా తప్పితే పాచిక కలిసిరాలేదనుకుంటాం. భుజం వెనక నుంచి చూసే ఆటలో అదే తూటా తప్పితే ఆట మోసం చేసిందనుకుంటాం. మొదటి గంటల్లో నైపుణ్యాలన్నీ అడుగున ఉంటాయి కాబట్టి ఆ ఘర్షణ అప్పుడే అన్నిటికన్నా తీవ్రం. చాలామంది ఆ గంటల్లోనే ఆటను వదిలేశారు.

నైపుణ్యాలు పెరిగాక సమస్య తలకిందులవుతుంది. పిస్టల్‌లో కాలాన్ని నిలిపి వరుసగా తూటాలు దింపే విద్య, నక్కి తిరగడంలో కొన్ని క్షణాలు ఎవరి కంటా పడకుండా మాయమయ్యే విద్య, ఈ రెండూ చేతికొస్తే ఆట పసిపిల్లల వ్యవహారం అవుతుంది. షాట్‌గన్నో మెషీన్ గన్నో నమ్ముకున్నవారికి అంత సుఖం లేదు. మాటల విషయంలో ఏ దారీ మరో దారికి తీసిపోకుండా శ్రద్ధ తీసుకున్న తయారీదారులు, ఆయుధాల విషయంలో ఆ తూకం పాటించలేదు. సంభాషణల్లో స్వేచ్ఛ నిజం, పోరాటాల్లో స్వేచ్ఛ పైపూత.

ఆ పైపూత ఊడిపోయేది ప్రధాన ప్రత్యర్థులతో తలపడినప్పుడు. బ్రైకోతో పోరాటం అందుకు పేరుమోసింది. మత్తెక్కి కత్తి పట్టుకుని మీదికి దూకే అతనికి కాసేపు ఏ తూటా పనిచేయదు. అంతవరకు ఒక్క ప్రాణి కంటపడకుండా, ఒక్క తూటా కాల్చకుండా వచ్చినవారిని ఆ గదిలో బంధించి ఇప్పుడు కాల్చండి అంటుంది ఆట. ఇది ఆటగాడికి ఇచ్చిన మాట తప్పడం. ఈ రోగం ఒక్క ఆల్ఫా ప్రోటోకాల్‌దే కాదు. మరుసటి ఏడాది వచ్చిన డ్యూస్ ఎక్స్: హ్యూమన్ రెవల్యూషన్ అనే గేమ్‌లోనూ ఇదే తప్పు జరిగింది, 2013లో డైరెక్టర్స్ కట్ పేరుతో తెచ్చిన సవరించిన కూర్పులో ఆ పోరాటాలను మార్చవలసి వచ్చింది. విషం కలిపించే దారి ఉంది కదా అని ఇక్కడ సమర్థించుకోవచ్చు. కానీ ఆ దారి నగరాల వరుస మీద ఆధారపడింది. ముందుగా తెలియనివారికి అది సాయం కాదు.

పనితనం లోపించిన చోట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాపలాదారులు కొన్నిసార్లు పక్కనే సహచరుడు కూలినా పట్టించుకోరు, మరికొన్నిసార్లు తుపాకీ చేతిలో ఉండగా పిడికిలితో కొట్టడానికి పరుగెత్తుకొస్తారు. కదలికలు బిగుసుకుపోయినట్టుంటాయి. కంప్యూటర్లలో చొరబడేందుకు, మారిపోతున్న అక్షరాల మధ్య మారని రెండు వరుసలను పట్టుకోవాలి. గేమ్‌ప్యాడ్ కోసం చేసిన ఆ పజిల్ మౌస్, కీబోర్డుల మీద నరకం. వీటికి ఏ సిద్ధాంతమూ అండగా రాదు.

రచనలోనూ చిన్నబోయే చోట్లున్నాయి. నలుగురు స్త్రీ పాత్రలతో థార్టన్ సంబంధాలను సాధించవలసిన విజయాల్లా పేర్చడం నాకు నచ్చలేదు. థార్టన్‌కు దూరం నుంచి దారి చూపే మీనా ట్యాంగ్‌ను అంత జాగ్రత్తగా, అంత సొంత మనసుతో రాసినవారు మిగతా చోట్ల పాత గూఢచారి సినిమాల అలవాటుకు లొంగిపోయారు. అల్ సమద్ ముఠా చిత్రణ మొదట్లో అరిగిపోయిన మూసలోనే ఉంటుంది. అయితే షహీద్ ఎదురుపడ్డాక అతనితో మాట్లాడే, బేరమాడే, వదిలేసే వీలు ఇవ్వడం ఆ మూసను కొంత పగలగొట్టింది.

అమ్మకాలు ఆశించినట్టు రాలేదు, రెండో భాగం ఉండదని సెగా 2010లోనే తేల్చేసింది. సంగీత హక్కుల గడువు తీరడంతో 2019లో ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం నుంచి తొలగించారు. ఒక పాట కాగితం గడువు ముగిస్తే, ఇన్ని వేల వాక్యాలు రాసి, పలికించి కట్టిన కృతి దుకాణం నుంచే మాయమైపోవడం ఈ మాధ్యమపు పెద్ద అన్యాయాల్లో ఒకటి. అయిదేళ్లు కొత్తగా కొనే దారే దాదాపు మూసుకుపోయింది. 2024 మార్చిలో గోగ్ అనే మరో ఆన్‌లైన్ దుకాణం ఆ సంగీతంతో సహా దీన్ని మళ్లీ అమ్మకానికి తెచ్చింది.

ఇప్పుడు మొదలుపెట్టేవారికి నా సలహా ఇది. మొదటిసారి పిస్టల్, నక్కి తిరగడం ఎంచుకోండి. పోరాటాల తలనొప్పి తగ్గి, మనుషుల మీద దృష్టి నిలుస్తుంది. ఎలక్ట్రానిక్ తాళాలు, కంప్యూటర్ల దగ్గర విసిగితే, వాటిని స్తంభింపజేసే ఈఎంపీ పరికరాలు వాడండి, పజిల్‌ను దాటించేస్తాయి. సౌదీ ముగిసేదాకా తీర్పు చెప్పకండి. తైపీని మాస్కో కన్నా ముందు పెట్టుకోండి. ఓపిక ఉంటే ఏ శిక్షణా లేని రిక్రూట్‌గా ఒకసారి ముగించండి. దాని తర్వాత వెటరన్ అనే నేపథ్యం తెరుచుకుంటుంది. అనుభవం పండిన ఆ థార్టన్‌కు నైపుణ్యాలు మొదటి నుంచే చేతిలో ఉంటాయి కాబట్టి తొలి గంటల్లో తూటాలు తప్పే బాధ చాలావరకు తీరుతుంది, కొన్నిచోట్ల కొత్త మాటలు కూడా దొరుకుతాయి.